ఎవరి వీరుణ్ని వాళ్లు గీయించుకున్న నేల

నేను మెట్‌పల్లిలో బోర్డులు రాసి బతికినవాణ్ని. కిరాణా దుకాణాల పేర్లు, ఎన్నికల గోడలు, వినాయక చవితి మంటపాల వెనక తెరలు, సినిమా హాలు ముందు నిలబెట్టే కటౌట్లు, ఎక్కడ పనుంటే అక్కడికి ఎనామిల్ డబ్బా పట్టుకుని పోయేవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది కానీ బొమ్మ కనబడితే ఆగి చూసే గుణం పోలేదు. ఈ మధ్య ఊళ్లో పిల్లలు గీస్తున్న బొమ్మలు అట్లాగే చూస్తున్నాను. తలపాగా చుట్టిన నరుటో, బతుకమ్మ ఎత్తుకున్న నెజుకో, కొమురం భీం పక్కన భుజం మీద చెయ్యేసి నిలబడ్డ లుఫీ. నరుటో, నెజుకో, లుఫీ జపాన్ యానిమే కార్టూన్ల పాత్రలు, అందుకే పెద్దవాళ్లు దీన్ని జపాన్ పిచ్చి అంటారు. నాకైతే ఇది మా దిక్కు పాత అలవాటే. ఇష్టమైన వీరుణ్ని తమకు నచ్చినట్టు గీయించుకోవడం, ఒక కథలోని వాణ్ని తెచ్చి ఇంకో కథలో నిలబెట్టడం, వాడు మంచోడా చెడ్డోడా అని రాత్రంతా వాదించుకోవడం తెలంగాణలో ఒకప్పుడు పిల్లల సరదా కాదు. వాటి మీద కులాలకు కులాలే బతికాయి.

మా కులం సంగతే చెప్తాను. మెట్‌పల్లి అంటే బయటివాళ్లకు ఖాదీ, పసుపు, గల్ఫ్‌కు పోయిన మనుషులు. మాకు మగ్గం. మా బాపు పద్మశాలి, పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. మార్కండేయుడు శివలింగాన్ని కావలించుకుని యముడి పాశం తప్పించుకున్నాడన్నది అందరూ ఎరిగిన కథే. ఆ కథ ఆగినచోట మా పురాణం మొదలవుతుంది. దేవతలకు కట్టుకోను బట్ట లేదు. మార్కండేయుడు హోమం చేస్తే అగ్నిలోంచి భావనారుషి పుట్టాడు. విష్ణువు నాభిలోని తామర తూడు నుంచి దారం తీసి, బట్ట నేసి, దేవతల ఒళ్లు కప్పాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. ఇప్పటి పిల్లల లెక్కన చూస్తే ఇది పాత కథకు అభిమానులు అల్లుకున్న తరువాయి భాగం. వాళ్లు రాసుకుని ఊరుకుంటారు. మావాళ్లు దానిలోంచే పుట్టామని నమ్మి, గోత్రాలు చెప్పుకుని, శ్రావణ పౌర్ణమి నాడు కొత్త జంధ్యం వేసుకున్నారు.

ఈ కథ చెప్పడానికి కూనపులివాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లు అడిగేది పద్మశాలులనే, కథ చెప్పేది పద్మశాలులకే. మాకు ఇంకో ఆశ్రిత కులం సాధనాశూరులు, వాళ్లవి గారడీలు, ఒళ్లు గగుర్పొడిచే విద్యలు. ప్రతి కులానికీ ఇట్లాంటి ఏర్పాటు ఉంది. గౌడ్లకు గౌడ పురాణం చెప్పే గౌడజెట్టివాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, రజకులకు మడేలు పురాణం పటంవాళ్లు. మందెచ్చులు బొమ్మలు పెట్టి చెప్తారు, మిగతావాళ్లలో చాలామందికి కథ గీసిన గుడ్డ, అంటే పటం ఉంటుంది. ఏ ఊరు ఎవరిదో కథకుల కుటుంబాల మధ్య ముందే పంపకం అయి ఉండేది. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే ఊళ్లు పంచుకునేవాళ్లు. ఒకరి ఊళ్లో ఇంకొకరు పటం విప్పితే తగాదా పంచాయితీకి వచ్చేది.

ఈ పటాలు గీసినవాళ్లు నకాషీలు. ఇప్పుడు ఆ పని అనగానే చేర్యాల పేరు చెప్తారు, ధనాలకోట వైకుంఠం లాంటి కళాకారుల వల్ల ఆ పేరు దేశమంతా తెలిసింది. కానీ ఆ పని ఈనాటిది కాదు. హైదరాబాద్‌లో జగదీశ్ మిత్తల్ కూడబెట్టిన సేకరణలో 17వ శతాబ్దపు పటాలున్నాయి. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగులు, ఒక్కోసారి అరవై అడుగుల పొడవు. పై నుంచి కిందికి గడులు గడులుగా కథ. గడికీ గడికీ నడుమ పూల అంచు. మొదటి గడిలో వినాయకుడు ఉండాల్సిందే.

నేను రంగుల మనిషిని కాబట్టి బట్టను తయారుచేసే తీరు దగ్గర కాసేపు ఆగుతాను. చేనేత బట్ట తీసుకుంటారు. గంజి, సుద్ద మట్టి, ఉడికించిన చింతగింజల పిండి, చెట్టు జిగురు కలిపి పూత పెడతారు. ఆరాక మళ్లీ పూత, మళ్లీ ఆరబెట్టడం. చింతగింజ ఊరికే వెయ్యరు. పటాన్ని ఊరూరా చుట్టి విప్పి చుట్టి విప్పి తిప్పాలి. పూత పెళుసుగా ఉంటే బొమ్మ మొహం మీదే పగులుతుంది. చింతగింజ జిగురు బట్టతోపాటు వంగుతుంది. తరవాత ఉడుత వెంట్రుకల కుంచెతో గీత. నేలంతా ఇంగిలీకం ఎరుపు. దేవుడికి నీలం, దేవతకు పసుపు, రాక్షసుడికి ముదురు గోధుమ, మనిషికి గులాబి ఛాయ. మసక దీపం వెలుతురులో ఎక్కడో వెనక కూర్చున్న ముసలవ్వ కూడా కథకుడి పుల్ల ఏ గడి మీద ఆనిందో, ఆ గడిలో ఎవరున్నారో గుర్తుపట్టాలి. ఎరుపు నేల అందుకోసమే. నేను కటౌట్‌కు రంగు కలిపేటప్పుడు చూసుకున్నదీ ఇదే, రోడ్డు అవతల బస్సులో కూర్చున్నవాడికి హీరో మొహం ఆనాలి.

ఇందులో నాకు అన్నిటికంటే గట్టిగా నచ్చిన సంగతి వేరే ఉంది. నకాషీ తన ఇష్టం వచ్చినట్టు గీయడు. పటం కావాలని వచ్చిన కథకుడు తమ పురాణం వరస చెప్తాడు, దాన్ని బట్టి గడులు పడతాయి. ఆ పటాన్ని రేపు ఆ కులం ముందే విప్పాలి, డబ్బులు ఇచ్చేదీ వాళ్లే. భావనారుషి చేతిలో దారం లేకపోతే ముందు వరసలో కూర్చున్న నేతకారి ఊరుకోడు. అంటే వీరుణ్ని కొత్తగా ఊహించుకునే స్వేచ్ఛ ఎంత ఉందో, ఆ వీరుడు ఎవరి వాడో వాళ్ల ఎదుట కూర్చుని మాట పడే బాధ్యతా అంతే ఉంది. కొన్ని పటాల చివర గీయించినవాళ్ల పేరు, తేదీ రాసి ఉంటాయి. పటం చినిగి పనికిరాకుండా పోతే పారెయ్యరు, మనిషికి చేసినట్టు కర్మ చేసి నీళ్లలో కలుపుతారు.

ఒక కథలోని వాళ్లను ఇంకో కథలో కలిపే విద్య కూడా మనకు కొత్త కాదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. అయినా ‘మాయాబజార్’ లేకుండా తెలుగువాడి భారతం పూర్తికాదు. 1957లో వచ్చిన ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు, ఎవరికీ ఆ వెలితి తెలియదు. దాన్ని తీసిన నాగిరెడ్డి, చక్రపాణులే 1947లో ‘చందమామ’ మొదలుపెట్టినవాళ్లు. ఆ పత్రికలో చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మల మీద పెన్సిల్‌తో గడులు గీసి, అవే గడులు గోడ మీద పెద్దగా గీసి దించడం నా మొదటి బడి. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం వస్తే ఎట్లుంటుంది? చిలకమర్తి ‘గయోపాఖ్యానం’ నాటకం, 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’. రాముడు హనుమంతుడి మీద బాణం ఎక్కుపెడితే? 1975లో బాపు తీసిన ‘శ్రీరామాంజనేయ యుద్ధం’. పిల్లలు ‘గోకు గెలుస్తాడా, నరుటో గెలుస్తాడా’ అని కొట్లాడుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. మేం ఇంటర్వెల్‌లో సోడా తాగుతూ కృష్ణుడా అర్జునుడా అని కొట్లాడుకున్నవాళ్లమే.

పాత్ర లోపలికి దిగడంలోనూ అంతే. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేశాడు. చూసి బయటికొచ్చినవాళ్ల నోట మిగిలింది దుర్యోధనుడి మాటలు. కులం అడిగి కర్ణుణ్ని తక్కువ చేసిన సభలో లేచి నిలబడ్డవాడు చెడ్డోడెట్ల అవుతాడని మగ్గాల మీద, బీడీలు చుట్టే అరుగుల మీద వాదనలు నడిచాయి. ఏ విమర్శకుడూ రాసిపెట్టుకోలేదు కానీ అవి పాత్ర పరిశీలనలే.

నా పనిలో ఈ కలపడం ఏడాదికొకసారి తప్పకుండా తగిలేది. వినాయక చవితికి ఆ ఏడు ఏ సినిమా ఆడితే వినాయకుడు ఆ వేషం కట్టాల్సిందే. 2015లో ‘బాహుబలి’ వచ్చినప్పుడు వినాయకుడు శివలింగాన్ని భుజానికెత్తుకున్నాడు. తండ్రి లింగాన్ని కొడుకు మోస్తే తప్పేముందని మంటపం పిల్లలు తర్కం తీశారు. కాదనలేకపోయాను. 2022లో విల్లు పట్టుకున్నాడు, అది ‘ఆర్ఆర్ఆర్’ ఏడాది.

ఆ సినిమా కూడా కలిపిన కథే. అల్లూరి సీతారామరాజు 1924లో కొయ్యూరు దగ్గర చనిపోయాడు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగాడు. వాళ్లిద్దరూ కలుసుకున్నది లేదు. కలిస్తే ఏమయ్యేదన్న ఒక్క ఊహ మీద అంత సినిమా నిలబడింది. అయితే 2020 అక్టోబర్‌లో భీం పాత్ర టీజర్ వచ్చి, అందులో భీం కళ్లకు సుర్మా, నెత్తిన టోపీ కనబడగానే ఆదిలాబాద్ ఆదివాసులు అభ్యంతరం చెప్పారు. జల్, జంగల్, జమీన్ అన్న మా భీం నిజాం మీద కొట్లాడి చచ్చిపోయాడు, ఆ వేషమేందని అడిగారు. దాని చుట్టూ రాజకీయం చాలా నడిచింది, అది వేరే కథ. నాకు అందులో పటం ముందు వరసలో కూర్చున్న మనిషే కనబడ్డాడు. భీం వాళ్లకు బొమ్మ కాదు, ఇంటి మనిషి. గీసినవాణ్ని అడిగే హక్కు వాళ్లకుంది. జవాబు చెప్పే పని గీసినవాడిది.

ఇదే సినిమా 2022 అక్టోబర్‌లో జపాన్‌కు పోయింది. అక్కడి అభిమానులు రామరాజునూ భీంనూ తమ గీతల్లో గీసి గీసి పోశారు, పెద్ద కళ్లు, గాలికి ఎగిరే జుట్టు, భుజాల మీద ఎక్కిన స్నేహం. 2024 జనవరిలో తకరజుకా అనే నాటక సంస్థ దాన్ని రంగస్థలానికి ఎక్కించింది. ఆ సంస్థలో వేషం కట్టేది అందరూ ఆడవాళ్లే. కథను భీం వైపు నుంచి చెప్పారు. జోడేఘాట్ గుట్టల గోండు వీరుడు జపాన్ స్త్రీ ఒంటి మీదికి ఎక్కాడు. మా దిక్కు చిందు భాగోతంలో చిందుల ఎల్లమ్మ లాంటి ఆడకూతుళ్లు వేషం కట్టి ఊళ్లకు ఊళ్లను కట్టిపడేసిన సంగతి ఎరిగినవాళ్లకు ఇది వింత కాదు.

రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. యుగో సాకో అనే జపాన్ దర్శకుడు మన రామ్ మోహన్‌తో కలిసి రామాయణాన్ని యానిమేగా తీశాడు, అది 1992 నాటి సినిమా. ఆ ప్రయత్నం మొదలైన రోజుల్లో, రామాయణాన్ని విదేశీయుడు తన ఇష్టానికి ఎట్లా తీస్తాడని ఇక్కడి నుంచి నిరసన ఉత్తరం పోయింది. అదే సినిమా 2025 జనవరిలో తెలుగు మాటలతో మన హాళ్లలో ఆడింది. అదే ఏడు సెప్టెంబర్‌లో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ కూడా తెలుగులో వచ్చింది. పొద్దటి ఆటకు పోరగాళ్లు కాలర్లెగరేసుకుని పోయారు. ఎన్టీఆర్ సినిమాకు మేం పోయినట్టే.

జపాన్‌వాళ్లకూ పటం కథ లాంటిది ఒకటి ఉండేది. కమిషిబాయి అంటారు. 1930లలో సైకిల్ వెనక చెక్క చట్రం కట్టుకుని కథకుడు వీధి మలుపులో ఆగేవాడు, పిల్లలకు మిఠాయి అమ్మి, అట్టల మీద గీసిన బొమ్మలు ఒక్కొక్కటి లాగుతూ కథ చెప్పేవాడు. అక్కడ 1953లో టీవీ వచ్చాక ఆ సైకిళ్లు మూలన పడ్డాయి. కానీ అట్టలు గీసిన చేతులు ఆగలేదు. షిగెరు మిజుకి లాంటివాళ్లు ఆ పని నుంచే మాంగా అనే బొమ్మల కథల్లోకి వచ్చారు, అతని కితారో కమిషిబాయి నుంచి నడిచొచ్చిన పాత్ర. మాంగా నుంచి యానిమే. గడుల్లో కథ చెప్పే విద్య చేతులు మారుతూ పోయింది తప్ప తెగలేదు. మా దగ్గర తెగింది. మరమగ్గాలు వచ్చి చేతిమగ్గం కూలబడింది. పద్మశాలులు షోలాపూర్, భీవండి, సూరత్, ఆ తర్వాత దుబాయి దారి పట్టారు. వినేవాళ్లు లేని ఊరికి కూనపులివాడు ఎందుకు వస్తాడు? అడిగేవాడు లేక నకాషీ పెద్ద పటం మానేసి, గోడకు తగిలించే చిన్న బొమ్మలకు, మాస్కులకు మళ్లాడు. చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఎగ్జిబిషన్లు వచ్చాయి. సంతోషమే. కానీ గోడ మీది గడి కథ చెప్పదు. దాని కింది గడి ఇంకెవరి ఇంట్లోనో ఉంది.

అందుకే మా మనవరాలు ట్యాబ్ మీద గడులు గీసుకుంటుంటే నేను పక్కన కుర్చీ వేసుకుంటాను. ఆమె డిగ్రీ చదువుతోంది. ‘డీమన్ స్లేయర్’ ఆమెకు పిచ్చి. కొయోహారు గొతోగె గీసిన ఆ మాంగా 2016 నుంచి 2020 దాకా వారపత్రికలో నడిచింది, 2019లో యానిమే అయింది. నన్ను ఆ కథలోకి లాగింది బట్టలు. అందులో ఒక్కొక్క పాత్రకూ ఒక్కొక్క నేత గుర్తు. తంజిరోకు ఆకుపచ్చ నలుపు గళ్లు, నెజుకోకు జనపనార ఆకు డిజైన్, జెనిత్సుకు త్రికోణాలు. మొహం చూడకుండా గుడ్డ చూసి మనిషిని గుర్తుపట్టొచ్చు. ఆ మాట చెప్తే మనవరాలు ఇంకో సంగతి చెప్పింది. ఆ మాంగా అచ్చువేసే షుయేషా సంస్థ 2020లో ఈ కథలోని డిజైన్లకు ట్రేడ్‌మార్క్ అడిగింది. కొన్నింటికి ఇచ్చారు కానీ తంజిరో గళ్లకు 2021లో జపాన్ పేటెంట్ కార్యాలయం ఒప్పుకోలేదు. అది ఎప్పటి నుంచో అందరూ వాడుకుంటున్న గళ్ల డిజైన్, ఒక్కరిది ఎట్లవుతుందన్నారు. ఈ ముక్క వింటే మా బాపు మగ్గం ఆపి చప్పట్లు కొట్టేవాడు. గళ్లు ఎవడి సొత్తు? అట్లాగని అక్కడ అభిమానులు గీయడం మానలేదు. 1975 నుంచి టోక్యోలో కామిక్ మార్కెట్ పేరుతో సంత నడుస్తోంది, సొంతంగా గీసుకున్న పుస్తకాలు అక్కడ తెచ్చి అమ్ముకుంటారు. పెద్ద సంస్థలు చాలావరకు చూసీచూడనట్టు ఊరుకుంటాయి.

ఆ కథలో రుయి అని ఒక రాక్షసుడున్నాడు. నాతగుమో గుట్ట మీద ఉంటాడు, సాలీడు జాతి. వాడి ఆయుధం దారం, మనిషిని కోసేసే దారం. మనవరాలు వాడి ఎదురుగా భావనారుషిని గీసింది. రుషి చేతిలో మెరిసే కత్తి, వెనక మంటలు, వెనక్కి ఎగిరే ఉత్తరీయం. గీత బాగుంది. “ఎవరికి చూపిస్తవ్ బిడ్డా?” అన్నాను. ఇంటర్నెట్‌లో పెడతానంది. “ముందుగాల మా అన్నకు చూపెట్టు” అన్నాను. మా పెదనాన్న కొడుకు, ఇంకా మగ్గం వదలని మనిషి. శ్రావణ పౌర్ణమి నాడు జంధ్యాలు మార్చుకున్నాక తీసుకుపోయాం.

రుషిని కార్టూన్ చేసినవా అని తిడతాడనుకుని పిల్ల భయపడింది. మా అన్న అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“గీ తెల్ల జుట్టు పోరడు ఎవడు?”

“రాక్షసుడు తాతా. దారంతోని చంపుతడు.”

“నేస్తడా?”

“నెయ్యడు. చుట్టి కోస్తడు, అంతే. చిన్నప్పుడు రోగం పిల్లగాడు. రాక్షసుడైనంక అమ్మానాన్నలను చంపుకున్నడు. ఇగ దొరికినోళ్లను బెదిరించి నా అమ్మవి, నా అక్కవని కట్టేసి పెట్టుకుంటడు.”

మా అన్న ట్యాబ్ వెనక్కి ఇచ్చాడు. “మరి మనోని చేతుల కత్తి ఎందుకు పెట్టినవ్? ఆయన పని కప్పుడు గదా. దేవతలే బట్ట లేక నిలబడితే కప్పినోడు, గీ పోరనికి కప్పడా? తామర తూడు ఏది? అది లేకుంటే ఎవడో సిన్మా హీరో అనుకుంటరు.”

జపాన్ రాక్షసుడు మా పురాణంలోకి ఎందుకొచ్చాడని అడగలేదు. వచ్చినవాడితో మా రుషి ఎట్లా నడుచుకోవాలన్నదే అడిగాడు. పిల్ల మళ్లీ గీసింది. రెండో బొమ్మలో కత్తి లేదు. విష్ణువు నాభి నుంచి తామర తూడు దిగుతుంది, రుషి మగ్గం మీద కూర్చుని నేస్తుంటాడు, నేసిన బట్ట కొస పోయి వణుకుతున్న రుయి భుజాల మీద పడుతుంది. వాడి దారాలు కోయడానికి బిగిసి ఉంటాయి, ఈ దారం వదులుగా జారుతుంది. నేల నేను చెప్పినట్టు ఎరుపు వేసింది. మొదటి బొమ్మలో ఇద్దరు బలవంతులు కొట్లాడుతున్నారు. రెండోదానిలో ఎవడు ఎట్లాంటివాడో తేలింది. ఆ తేడా తెచ్చింది గీసిన చెయ్యి కాదు, మగ్గం మీది మనిషి అడిగిన ప్రశ్న.

పాత పటాల లెక్కన గీయించినవాళ్ల పేరు కింద రాయమన్నాను. ఆమె మా అన్న పేరు రాసింది. ఆయన గోత్రం కూడా రాయమన్నాడు. రాశాక మాకు ఛాయ్ పోయించి, ఇంకో ముచ్చట తీశాడు. మనవరాలు ఎప్పుడో మాటల్లో చెప్పిన ‘డెత్ నోట్’ ఆయన మనసులో ఉండిపోయినట్టుంది.

“పుస్తకంల పేరు రాస్తే మనిషి సచ్చిపోతడని ఒక కథ చెప్పినవ్ గదా. గా పోరడు మార్కండేయుని పేరు రాస్తే ఏమైతది?”

“పుస్తకం పని చెయ్యదు తాతా, ఆయన చిరంజీవి గదా” అంది పిల్ల.

“అట్లెట్ల? శివుడు అడ్డమొచ్చిండు గనుక బతికిండు. ఆ పుస్తకం జపాన్ యమునిదాయె. ఆ యముడు శివుని మాట ఇంటడా?”

ఈ వాదన ఇంకా తెగలేదు. పక్కింటి నేతకారి ఒకాయన కూడా వచ్చి కలిశాడు, ఆయన శివుడి దిక్కు.